యాభై ఎనిమిదేళ్లకు బౌలింగ్ మెకానిక్: ఒక కేస్ స్టడీ

2018 జూన్‌లో ఒక ఆదివారం సాయంత్రం మా బౌలింగ్ సెంటరుకు ఒక కుటుంబం వచ్చింది. ఈ బౌలింగ్ క్రికెట్‌ది కాదు. లేన్ అనే పొడవాటి దారి మీద బరువైన బంతిని దొర్లించి, చివర నిలబెట్టిన పది పిన్నులను, అంటే సీసా ఆకారపు దిమ్మెలను, పడగొట్టే ఆట. మనవడి పుట్టినరోజు. పిల్లలు కేరింతలు కొడుతూ బంతులు వేస్తుంటే, తాతగారి చూపు మాత్రం పిన్నుల మీద లేదు. వాటి పైన ఉన్న రంగుల పలకను, దాని కింది చీకటిని చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి కౌంటరు దగ్గరికి వచ్చి, "పడిపోయినవాటిని నిలబెట్టేది ఎవరు బాబూ? లోపల మనుషులున్నారా?" అని అడిగారు. కౌంటరు కుర్రాడు నన్ను పిలిచాడు. యంత్రమే నిలబెడుతుందని చెప్పాను. "ఒక్కసారి చూడవచ్చా?" అన్నారు.

ఆటకు వచ్చినవారిని యంత్రాల వెనకకు రానివ్వకూడదు. తలుపు తీసి గడప దగ్గరే నిలబెట్టాను. పది నిమిషాలు కదలకుండా చూశారు. వెళ్లేముందు అడిగిన ప్రశ్నతోనే ఈ కేసు మొదలైంది: "ఈ పని నేర్పుతారా?"

ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, అంతకు నాలుగు నెలల ముందే పదవీ విరమణ చేశారు. వయసు యాభై ఎనిమిది. అప్పటివరకు బౌలింగ్ బంతిని ముట్టుకోలేదు. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరు, ఊరు, డిపో వివరాలు తీసేశాను. మా కుర్రాళ్లందరూ ఆయనను మేస్త్రిగారు అనేవారు, ఇక్కడ నేనూ అలాగే రాస్తాను.

నేను హైదరాబాద్‌లో పది లేన్ల సెంటరులో యంత్రాల నిర్వహణ చూస్తాను. నడివయసు దాటాక బౌలింగ్ రంగంలోకి రావచ్చా అని అడిగేవారు అప్పుడప్పుడు కలుస్తుంటారు. ఆట నేర్పే కోచ్, బంతులకు వేళ్ల కొలత తీసి రంధ్రాలు వేసే పనివాడు, లేన్లకు నూనె పట్టించే మనిషి, కౌంటరు, మెకానిక్ ఇలా ఇందులో దారులు చాలా ఉన్నాయి. వీటిలో మెకానిక్ దారి గురించి బయట ఎవరికీ తెలియదు. ఐటీఐలో దీనికి ప్రత్యేకమైన ట్రేడ్ లేదు. మన దగ్గర ఈ పని వచ్చినవారంతా ఏదో ఒక సెంటరు వెనక, మరొకరి పక్కన నిలబడి నేర్చుకున్నవారే. ఇరవై ఏళ్ల కుర్రాడైనా, అరవైకి దగ్గరపడినవారైనా మొదటి రోజు ఇద్దరికీ ఈ యంత్రం కొత్తే.

యంత్రం గురించి కొంత

కేసు అర్థం కావాలంటే ముందు యంత్రం అర్థం కావాలి. బంతి వేసేవారు దాటకూడని ఫౌల్ గీత నుంచి మొదటి పిన్ను దాకా లేన్ పొడవు 60 అడుగులు. వెడల్పు మూడున్నర అడుగులకు కాస్త తక్కువ. ఒక్కో పిన్ను ఎత్తు 15 అంగుళాలు, బరువు కిలోన్నర పైచిలుకు. బంతి బరువు 16 పౌండ్లు, అంటే ఏడు కిలోల పైచిలుకు, దాటకూడదు. ఇరవయ్యో శతాబ్దం సగం దాకా అమెరికాలో పిన్నులను నిలబెట్టింది కుర్రాళ్లే. లేన్ చివరి గుంట పక్కన గట్టు మీద కూర్చుని, బంతి వచ్చి తగలగానే కిందికి దూకి పిన్నులు సర్దేవారు. ఏఎంఎఫ్ కంపెనీ తన యంత్రాన్ని 1946లో బఫెలో నగరంలో జనానికి చూపించింది. 1950ల మొదట్లో అది సెంటర్లలోకి వచ్చింది. బ్రన్స్‌విక్ యంత్రం ఆ దశాబ్దం మధ్యలో వచ్చింది. మా దగ్గర ఉన్నవి బ్రన్స్‌విక్ ఏ-2 యంత్రాలు. 1960ల నాటి రూపకల్పన. బాగుచేయించి తెచ్చినవి.

బంతి తగిలి పడిన పిన్నులు వెనక గుంటలో కదిలే కార్పెట్ మీద పడతాయి. అది వాటిని ఒక పెద్ద నిలువు చక్రంలోకి తోస్తుంది. చక్రం ఒక్కో పిన్నునూ పైకి మోసుకెళ్లి పళ్లెం లాంటి భాగంలో పడేస్తుంది. పిన్ను ఎటు తిరిగి పడినా అక్కడ ఒకే దిశకు మళ్లి, బెల్టు మీదుగా గుండ్రటి బుట్టలో చేరుతుంది. బుట్టలో పది నిండాక డెక్ అనే చట్రంలోకి జారి, డెక్ కిందికి దిగి వాటిని లేన్ మీద నిలబెడుతుంది. మధ్యలో రేక్ అనే అడ్డపట్టీ వచ్చి మిగిలినవాటిని ఊడ్చేస్తుంది. బంతిని మాత్రం పక్కనున్న తలుపు వేరుచేస్తుంది. రెండు లేన్ల మధ్య ఉన్న ఒక బెల్టు యంత్రం ఆ బంతికి ఊపునిచ్చి, లేన్ కింది దారిలో ఆటగాళ్ల వైపు పంపుతుంది. ఇదంతా గేరుబాక్సు, బెల్టులు, క్యామ్‌లు, స్ప్రింగులు, చిన్న చిన్న స్విచ్చుల మీద నడుస్తుంది. సగం పని కళ్లకు కనిపిస్తూనే జరుగుతుంది. మేస్త్రిగారు గడప దగ్గర చూసి ఆగిపోయింది దీని ముందే.

నా మొదటి అంచనా, అందులో తప్పు

ఆయన ప్రశ్నకు నేను వెంటనే అవునని చెప్పలేదు. నాలుగు భయాలు ఉన్నాయి. యంత్రాల మధ్య నడిచే దారి ఇరుకు, వంగి దూరాలి, మోకాళ్ల మీద కూర్చోవాలి. వెనక ఏసీ ఉండదు. పని సాయంత్రాలు, సెలవు రోజుల్లోనే ఎక్కువ. అన్నిటికంటే పెద్ద భయం, తన కొడుకు వయసున్న నా మాట ఆయన వింటారా అని.

ఈ నాలుగో విషయంలో నేను పూర్తిగా పొరబడ్డాను. మొదటి రోజు నుంచి నోటుపుస్తకం పట్టుకుని వచ్చారు, చెప్పింది రాసుకున్నారు, అర్థం కాకపోతే మళ్లీ అడిగారు. ఇబ్బంది వచ్చింది ఆయనకు చెప్పడానికి మొహమాటపడిన నా వల్ల. ఒక కుర్రాడికైతే పదిసార్లు గట్టిగా చెప్పే మాటను ఆయనకు ఒకసారి మెల్లగా చెప్పి ఊరుకునేవాడిని. దాని ఫలితం తర్వాత రాస్తాను.

మూడు నెలల శిక్షణ అనుకున్నాం. మొదటి వారం స్పానర్ ఇవ్వలేదు. రోజూ రెండు ఆటలు ఆడమన్నాను. "నేను ఆటకు రాలేదు కదా సార్" అన్నారు. పిన్ను ఒక అంగుళం పక్కకు నిలబడితే ఆటగాడికి ఎలా కనిపిస్తుందో, బంతి ఇరవై సెకన్లు ఆలస్యంగా వస్తే ఎంత చిరాకో అటువైపు నిలబడితేనే తెలుస్తుంది. పన్నెండు పౌండ్ల బంతితో మొదలుపెట్టారు. మొదటి రోజు సగం బంతులు పక్క కాలువలో పడ్డాయి. నాలుగో రోజు ఒక ప్రశ్న అడిగారు: బంతి ముందు జారుతూ పోయి, చివర్లోనే ఎందుకు మలుపు తిరుగుతోంది?

నేను ఆయనను లేన్ పక్కగా తీసుకెళ్లి కూర్చోబెట్టాను. చూపుడువేలితో చెక్క మీద అడ్డంగా ఒక గీత గీశారు, వేలును బొటనవేలితో రుద్దారు, వాసన చూశారు. డిపోలో డిప్‌స్టిక్ తీసి నూనె చూసే పద్ధతే అది. ఫౌల్ గీత నుంచి సుమారు 40 అడుగుల దాకా లేన్‌కు పలుచగా నూనె పట్టిస్తాం. మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ. చివరి ఇరవై అడుగులు పొడిగా ఉంటాయి. బంతి నూనె మీద జారి, పొడి చెక్క తగలగానే పట్టు దొరికి తిరుగుతుంది. ఈ మాట చెప్పగానే ఆయన తనంతట తాను అన్నారు: "అయితే ఆ నూనె బంతికి అంటుకుని వెనకకు కూడా పోతుంది కదా."

ఆ మాటను అప్పుడు నేను పట్టించుకోలేదు.

తెలుగు రిజిస్టరు

యంత్రం పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. ఆయనకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, భాగాల నంబర్లు చదవగలరు, వివరణ మాత్రం చదవలేరు. ఇదొక అడ్డంకి అనుకుని నేనే రోజూ ఒక పేజీ చదివి వినిపించడం మొదలుపెట్టాను. వారం తిరగకముందే ఆయన దాన్ని మరో దారి పట్టించారు. ప్రతి భాగానికీ తనకు తెలిసిన పేరు పెట్టుకుని, బొమ్మ వేసి, పక్కన పుస్తకంలోని నంబరు రాసుకున్నారు. రేక్ ఆయనకు గుంటక, పొలంలో నేలను గీరుకుంటూ వచ్చే పనిముట్టులాగే అదీ లేన్ మీద పిన్నులను గీరుకొస్తుంది. పైకి మోసే చక్రం రాట్నం. పది పిన్నులు పట్టేది బుట్ట. దిశ మార్చే భాగం చేట. ధాన్యం చెరిగేటప్పుడు గింజ ఒక వైపుకు వచ్చినట్టు పిన్ను వస్తుందని ఆయన భావం.

నెల తిరిగేసరికి మా ఇద్దరు కుర్రాళ్లూ అవే మాటలు వాడుతున్నారు. "ఏడులో చేట దగ్గర ఇరుక్కుంది" అని ఒకరు కేకవేస్తే రెండోవారికి ఎక్కడికి పరుగెత్తాలో తెలిసిపోతుంది. అంతకుముందు "ఏడు ఆగింది" అని మాత్రమే అనుకునేవాళ్లం. ఆ రిజిస్టరు ఇప్పుడు మా సెంటరులో కొత్తవారికి మొదటి పాఠ్యపుస్తకం. శిక్షణలో నేను వేసుకున్న ప్రణాళికలో ఇది లేదు.

ఐదు, ఆరు లేన్ల సంగతి

ఈ కేసులో కాస్త నిలిచి చెప్పవలసిన భాగం ఇదే.

ఐదో లేన్‌లో బంతి వెనకకు రాదు, వచ్చినా ఆలస్యంగా వస్తుంది అని సాయంత్రాలు ఫిర్యాదులు వచ్చేవి. ఆరో లేన్‌లోనూ వచ్చేవి. మేము లేన్‌కో పేజీ పెట్టి రాసుకునేవాళ్లం కాబట్టి ఐదు పేజీలో వారానికి మూడు, ఆరు పేజీలో వారానికి మూడు కనిపించేవి. ఏ పేజీ చూసినా పెద్ద విషయం అనిపించదు. కుర్రాళ్లు బెల్టు బిగించేవారు, రెండు రోజులు బాగుండేది, మళ్లీ మొదలయ్యేది. ఒకసారి బెల్టు కూడా మార్చాం.

రెండో నెలలో మేస్త్రిగారు పాత రిజిస్టర్లు ఇంటికి తీసుకెళ్లారు. మర్నాడు ఒక పెద్ద కాగితం తెచ్చి బల్ల మీద పరిచారు. పది లేన్లను ఐదు జతలుగా రాశారు. బంతిని పంపే యంత్రం జతకు ఒకటే కాబట్టి, ఫిర్యాదులను కూడా జతగానే చూడాలన్నది ఆయన వాదం. డిపోలో ఒక బస్సుకు ఇద్దరు డ్రైవర్లు ఉంటే, ఇద్దరి ఫిర్యాదులూ బండి పేరు మీదే రాసేవారట. జతగా చూస్తే ఐదు-ఆరు వారానికి ఆరు. మిగతా నాలుగు జతలు కలిపినా అంత లేవు.

రెండోది, వేళ. దాదాపు అన్నీ సాయంత్రం ఏడు తర్వాతే. ఉదయం ఒక్కటీ లేదు. బెల్టు వదులైతే ఉదయం కూడా వదులుగానే ఉండాలి కదా అన్నారు.

ఆ రోజు రాత్రి సెంటరు మూసేశాక ఇద్దరం కరెంటు తీసి, ఆ యంత్రం మూత విప్పాం. టార్చి పట్టుకున్నది నేను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి, దగ్గరి చూపు కళ్లజోడు పెట్టుకుని, తెల్లటి పాత బనియను ముక్కతో బెల్టు లోపలి వైపు ఒక్కసారి తుడిచి నాకు చూపించారు. గుడ్డ మీద బూడిదరంగు చార, దాని చుట్టూ జిడ్డు వలయం. తర్వాత మూడు-నాలుగు జత విప్పి అదే గుడ్డ రెండో అంచుతో తుడిచారు. దుమ్ము మాత్రమే అంటింది.

కారణం ముందు వైపు ఉంది. సొంత బంతులతో సాధన చేసే ఆటగాళ్లు మాకు ఏడెనిమిది మంది ఉన్నారు. వారు సాయంత్రాలు వస్తారు, ఐదు-ఆరు లేన్లే అడుగుతారు. వారి కోసం ఆ రెండింటికీ నూనె కొంచెం ఎక్కువ, కొంచెం దూరం పట్టించేవాళ్లం. వారి బంతుల పైపొర నూనెను బాగా పట్టుకుంటుంది. ఆ నూనె బంతితో పాటు బెల్టు మీదకు చేరి, బెల్టు పట్టు కోల్పోయి జారుతోంది. బిగిస్తే కొంతసేపు పట్టు వస్తుంది, నూనె పెరిగాక మళ్లీ జారుతుంది. బెల్టును ఎన్నిసార్లు బిగించినా నూనె వస్తూనే ఉంటుంది.

మూడు మార్పులు చేశాం. ఆ జత బెల్టును రోజూ తెరిచేముందు శుభ్రం చేయడం, ఆటగాళ్లు ప్రతి బంతికీ ముందు తువ్వాలుతో తుడిచేలా లేన్ దగ్గరే తువ్వాళ్లు పెట్టడం, నూనె పట్టించే దూరాన్ని వారితో మాట్లాడి తగ్గించడం. తర్వాతి నెలలో ఆ జత మీద ఫిర్యాదులు రెండు. మొదటి వారంలో ఆయన అన్న మాటను నేను అప్పుడే పట్టుకుని ఉంటే ఒక బెల్టు ఖర్చు, రెండు నెలల మాటలు పడటం తప్పేవి.

వినికిడి, చెవిప్లగ్గులు

మేస్త్రిగారు చెక్కపిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవర్ ఒకటి ఇంటి నుంచి తెచ్చుకున్నారు. దాని మొనను బేరింగు గూడుకు ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకు ఆనించి కళ్లు మూసుకుని వింటారు. బస్సు మెకానిక్కులకు తెలిసిన పద్ధతి ఇది. అయితే మా వెనక భాగంలో రద్దీ వేళ పది యంత్రాలు ఒకేసారి తిరుగుతుంటే మాట వినపడదు. చెవిప్లగ్గులు తప్పనిసరి. ఆయన పెట్టుకోవడానికి ఇష్టపడలేదు. "చెవి మూసుకుంటే నాకు కన్ను మూసుకున్నట్టే సార్" అన్నారు. పెట్టుకోకుండా రెండు వారాలు చేశారు, ఇంటికెళ్లాక గంటసేపు చెవుల్లో హోరు తగ్గడం లేదని ఆయన భార్య చెప్పారు.

పనివేళను మార్చి దీన్ని పరిష్కరించాం. సెంటరు తెరవడానికి గంటన్నర ముందు ఆయన వస్తారు. ఒక్కో యంత్రాన్నీ విడిగా నడిపి, మిగతావన్నీ ఆపేసి వింటారు. రద్దీ వేళ ప్లగ్గులు తీయకూడదు. అప్పుడు వినడానికి వీల్లేదు, కళ్లతో చూసి చేయవలసిన పనులే చేయాలి.

ఆ చెవి కూడా తప్పు చెప్పిన రోజు ఉంది. రెండో లేన్‌లో టకటకమనే శబ్దం వస్తే బేరింగు పోయిందని గట్టిగా చెప్పి, రెండు గంటలు విప్పి చూశారు. బేరింగు శుభ్రంగా ఉంది. అడుగు చిట్లిన ఒక పిన్ను చక్రంలో తిరిగిన ప్రతిసారీ తగిలి చేసిన శబ్దం అది. బస్సులో సరుకు మోగదు, ఇక్కడ సరుకు కూడా మోగుతుంది. అప్పటి నుంచి శబ్దం వినగానే ముందు పిన్నులన్నీ తీసి ఖాళీగా నడిపి చూడాలనే నియమం ఆయనే పెట్టుకున్నారు. రిజిస్టరులో ఎర్ర సిరాతో రాసి ఉంది.

తొమ్మిదో వారం

శనివారం రాత్రి తొమ్మిది గంటలు. ఎనిమిదో లేన్ ఆగింది. చక్రంలో పిన్ను అడ్డం పడింది. మేస్త్రిగారు వెళ్లారు. చక్రం తిరగడం లేదు, కాబట్టి యంత్రం ఆగిపోయిందనుకున్నారు. స్విచ్చు తీయలేదు. చెయ్యి పెట్టి పిన్నును లాగారు.

మోటారు తిరుగుతూనే ఉంది. పిన్ను అడ్డం పడటంతో బెల్టు జారుతూ ఉంది, అంతే. అడ్డు పోగానే చక్రం ఒక్క ఊపున కదిలింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోగలిగారు. పొడుగు చేతుల చొక్కా మణికట్టు గుండీ ఊడి గుంటలో పడింది. నేను మూడు యంత్రాల అవతల ఉన్నాను. ఆయన గోడకు ఆనుకుని నిలబడి గుండీ లేని ఆ చొక్కా అంచునే చూస్తున్నారు.

ఇలాంటి యంత్రాల్లో చిక్కుకుని ప్రాణాలు పోయిన మెకానిక్కులు ప్రపంచంలో ఉన్నారు. ఈ కేసులో నేను ఎక్కువసార్లు తిరిగి తలచుకున్నది ఈ నిమిషాన్నే. ముందు స్విచ్చు తీయాలి, ప్లగ్గు పీకాలి, తర్వాతే చెయ్యి పెట్టాలి అని నేను ఆయనకు చెప్పాను. ఒకసారి చెప్పాను. కుర్రాళ్ల చేత ఇరవైసార్లు చేయించి చూశాను, ఆయన చేత చేయించలేదు. పెద్దవారు, యంత్రాలు తెలిసినవారు, ఇంకా పరీక్ష పెట్టడమేమిటని మొహమాటపడ్డాను. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న చేతికి పాత అలవాటు కూడా అంతే బలంగా ఉంటుంది. బస్సు ఇంజను ఆగితే ఆగినట్టే. ఇక్కడ కదలని యంత్రం ఆగినట్టు కాదు.

మర్నాడు ప్రతి మెకానిక్‌కు సొంత తాళం, సొంత తాళంచెవి ఇచ్చాం. ప్లగ్గుకు తాళం వేయకుండా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. పొడుగు చేతుల చొక్కాలు, మెడలో గొలుసులు, చేతికి దారాలు వెనక భాగంలో నిషేధం. శని, ఆదివారాల్లో ఇద్దరు కలిసే పని. మేస్త్రిగారు మణికట్టుకు ఉన్న తిరుపతి దారాన్ని తీసి పర్సులో పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి ఆయన తాళం వేయకుండా చెయ్యి పెట్టడం నేను చూడలేదు. కొత్తగా వచ్చేవారికి ఆ పాఠం నేను చెప్పను, ఆయనే చెబుతారు.

కుదరనివి

స్కోరు లెక్కించే కంప్యూటర్లు, కెమెరాలు ఆయనకు ఒంటబట్టలేదు. రెండు నెలలు ప్రయత్నించి వదిలేశాం. ఒక కుర్రాడు దాన్ని పూర్తిగా తీసుకున్నాడు, మేస్త్రిగారి చేతి కింద గేరుబాక్సు నేర్చుకున్నాడు. ఇద్దరికీ మంచిదే జరిగింది.

రద్దీ వేళ తొందర ఆయనకు చివరిదాకా పూర్తిగా రాలేదు. మా నియమం ప్రకారం మూడు నిమిషాల్లో సరికాని లేన్‌ను ఆపేసి ఆటగాళ్లను పక్క లేన్‌కు మార్చాలి, అసలు మరమ్మతు మర్నాడు ఉదయం చేయాలి. ఆయనకు ఇది సగం పని వదిలేసినట్టు అనిపించేది. "బండి గేటు దాటాక దారిలో ఆగితే ప్రయాణికులు రోడ్డు మీద నిలబడతారు బాబూ, అందుకే గ్యారేజీలోనే మొత్తం చూసి పంపాలి" అనేవారు. అప్పటికి సార్ పోయి బాబూ వచ్చింది. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. అందుకే ఆయనను ఉదయం పనికి పూర్తిగా మార్చాం, సాయంత్రం పరుగులు కుర్రాళ్లవి. దీనివల్ల ఆయన మధుమేహానికి కూడా మేలు జరిగింది. రాత్రి భోజనం పదకొండింటికి పడటం వల్ల చక్కెర అదుపు తప్పుతోందని వైద్యుడు ముందే హెచ్చరించారట. నేను చేర్చుకునేటప్పుడే అడగవలసిన ప్రశ్న అది.

పండుగల విషయం కూడా రాయాలి. దసరా, సంక్రాంతి సెలవులు మాకు ఊపిరి సలపని రోజులు. రిటైరయ్యాక ఇంట్లో ఉంటారనుకున్న మనిషి పండుగ పూట పనికి వెళ్లడం ఆయన భార్యకు మొదటి ఏడాది చాలా కష్టమనిపించింది. నడివయసులో ఈ రంగంలోకి రావాలనుకునేవారు భార్యనో, భర్తనో కూర్చోబెట్టుకుని ముందుగా మాట్లాడుకోవలసింది దీని గురించే.

జీతం విషయంలో మొదట్లో కొత్త కుర్రాడికిచ్చినంతే ఇచ్చాం. యాజమాన్యానికి ఆ సలహా ఇచ్చింది నేనే. ఐదు-ఆరు జత సంగతి తేలిన నెలలోనే దాన్ని సరిచేయించాను.

లెక్కల్లో

మా పనిలో కొలమానం ఒకటే, ఎన్ని ఫ్రేములకు, అంటే ఆటగాడి ఎన్ని వంతులకు, ఒకసారి యంత్రం ఆగుతోంది. ఆయన వచ్చిన నెలలో మా సెంటరు మొత్తానికి సగటు సుమారు 150 ఫ్రేములకు ఒక ఆగుడు. ఆరు నెలలకు అది 300 దాటింది. ఇదంతా ఒక్క మనిషి గొప్ప అని రాస్తే అబద్ధం అవుతుంది. అదే కాలంలో నాలుగు లేన్లకు కొత్త పిన్నులు కొన్నాం. అరిగిన, చిట్లిన పిన్నులు తగ్గితే ఇరుక్కోవడం సగం తగ్గుతుంది. నా అంచనాలో మిగతా సగం ఉదయపు గంటన్నర తనిఖీది, తెలుగు రిజిస్టరుది. కొత్త పిన్నులు వేయని ఆరు లేన్లలోనూ మెరుగుదల కనిపించింది కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి సెంటరు నెలల తరబడి మూతపడింది. తిరిగి తెరిచే ముందు అందరం నేరుగా కరెంటు పెట్టి నడిపి చూద్దామనుకున్నాం. మేస్త్రిగారు ఒప్పుకోలేదు. ప్రతి యంత్రంలోనూ మోటారు పుల్లీని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి, ఎక్కడ బిగుసుకుందో చూశాకే కరెంటు అన్నారు. నాలుగు రోజులు పట్టింది. గ్రీజు గట్టిపడిన యంత్రాలు రెండు, పిన్నులు చక్రంలోనే ఉండిపోయి బిగిసినది ఒకటి దొరికాయి. నేరుగా స్విచ్చు వేసి ఉంటే కనీసం ఒక గేరుబాక్సు పోయేది.

ఇప్పుడైతే

ఈ పనిలోకి రావాలనుకునే పెద్దవారికి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. యంత్రాలు మారుతున్నాయి. పిన్ను తలకు తాడు కట్టి పైకి లాగి నిలబెట్టే యంత్రాలు చాలా సెంటర్లలోకి వస్తున్నాయి. వాటిలో భాగాలు తక్కువ, కరెంటు తక్కువ, మెకానిక్ అవసరమూ తక్కువ. అమెరికా బౌలింగ్ సంఘం 2023లో తాడు పిన్నుల ఆటను విడి విభాగంగా గుర్తించింది. మా పాత యంత్రాల పని ఎన్నేళ్లు ఉంటుందో ఆ లెక్క చూసుకునే రావాలి. లేన్ల నూనె పని మాత్రం ఏ యంత్రం వచ్చినా ఉంటుంది, దానికి మోకాళ్ల బలం కంటే ఓపిక ఎక్కువ కావాలి. మేస్త్రిగారు కూడా క్రమంగా అటు మళ్లారు.

మరొకరిని ఇదే వయసులో చేర్చుకుంటే నేను మార్చేవి నాలుగు. తాళం పాఠం మొదటి రోజే, చేత్తో ఇరవైసార్లు చేయిస్తాను. మోకాళ్లు, చక్కెర, బీపీ, చెవి పరీక్షల సంగతి చేర్చుకునే ముందే అడుగుతాను. వేళలు ఉదయానికి మొదటి నుంచే పెడతాను. పాత వృత్తిలో లెక్కలు ఎలా రాసేవారో మొదటి వారంలోనే కూర్చుని వింటాను.

ఆ అవకాశం కిందటి ఏడాది వచ్చింది. సిరిసిల్లలో మరమగ్గాలు బాగుచేసిన నలభై ఏడేళ్ల మనిషి ఒకరు చేరారు. మొదటి ఉదయం నేను వెళ్లేసరికి ఇద్దరూ నాలుగో లేన్ వెనక ఉన్నారు. ప్లగ్గుకు రెండు తాళాలు వేలాడుతున్నాయి. మేస్త్రిగారు రిజిస్టరులో కొత్త పేజీ తెరిచి, బుట్ట బొమ్మ పక్కన కలం పట్టుకుని ఆయనను అడుగుతున్నారు: "మీ మగ్గంలో ఇలా తిరిగేదాన్ని ఏమంటారు?"